ఏడోవాడి టైర్ల షాపు

కడపలో నాపరాళ్ల వ్యాపారం చేసే చెన్నకేశవ ఏ పని మొదలుపెట్టినా పదిమందిని సలహా అడిగేవాడు, చివరికి తన మనసులో ఉన్న మాట చెప్పినవాడి సలహానే పాటించేవాడు.

ఊళ్లోవాళ్లు ఈ సంగతి గమనించలేదు. "అంత ఆస్తి ఉన్నా చెన్నకేశవకు గర్వం లేదబ్బా. చిన్న పనికైనా నలుగురిని అడిగి చేస్తాడు" అని మెచ్చుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అతను వినయంగా తల వంచుకునేవాడు. నిజం చెప్పాలంటే అతనికి అడగడం ఇష్టం. వినడం అంటేనే ఒళ్లు మంట.

ఇదే జబ్బు ఎదుటివాడిలో ఉంటే మాత్రం ఇట్టే కనిపెట్టేవాడు. ఒకసారి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన కొత్త ఇంటికి బండలు కొనడానికి వచ్చాడు. స్నానాల గదికి కూడా మెరిసిపోయే పాలిష్ బండలే కావాలన్నాడు.

"సార్, నీళ్లు పడే చోట నున్నటి బండ వద్దు. కాలు జారుతుంది. గరుకుది తీసుకోండి" అన్నాడు చెన్నకేశవ.

"నాలుగు షాపులు తిరిగొచ్చినానయ్యా. అందరిదీ ఇదే పాట. నీ దగ్గర ఉందా, లేదా?"

"ఎందుకు లేదు సార్!" అని చెన్నకేశవ నున్నటి బండలే లారీకి ఎక్కించాడు. ఆయన వెళ్లాక గుమాస్తా వైపు తిరిగి, "ముందే తేల్చుకుని వచ్చినోడు మనల్ని అడగడం దేనికి? సరే, అడిగింది ఇచ్చినాం, మనదేం పోయింది?" అని పగలబడి నవ్వాడు. ఈ నవ్వును కాస్త గుర్తు పెట్టుకోండి. దీనితో మున్ముందు పని ఉంది.

ఆ ఏడాది చెన్నకేశవ ఒక కారు కొన్నాడు. అలాంటిలాంటి కారు కాదు. ఐదు వందల గుర్రాల బలం, ఆ బలమంతా వెనక చక్రాలకే. స్టార్టు చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఒకరు వాడి అమ్మింది కాబట్టి దాని టైర్లు అరిగిపోయి ఉన్నాయి, కొత్తవి వేయించాలి. ఫోన్లో వెతుకుతుంటే ఒక రకం టైర్లు కనిపించాయి. వెడల్పుగా, నల్లగా నిగనిగలాడుతూ, పైన గాడులు దాదాపు లేకుండా ఉన్నాయి. రేసుల్లో వాడేవాటికి దగ్గరి చుట్టాలవి. రోడ్డు మీద నడుపుకోవడానికి అనుమతి కూడా ఉంది. చెన్నకేశవ మనసు వాటి మీద పడింది. ఇక అడగడం ఒక్కటే మిగిలింది.

అప్పుడే అతని చెల్లెలు హిమజకు పెళ్లి కుదిరింది. పెళ్లి రాయచోటిలో, మగపెళ్లివారి ఊళ్లో. శ్రావణమాసంలో, పగలు పదకొండూ ఇరవైకి ముహూర్తం. తల్లీతండ్రీ లేని ఆ పిల్లను పదేళ్లు పెద్దవాడైన చెన్నకేశవే పెంచాడు. కన్యాదానం చేయవలసినవాడూ అతనే.

"నిన్ను మండపానికి నా కార్లోనే తీసుకుపోతా" అన్నాడు చెల్లెలితో.

"నువ్వు తోలితే నాకేం భయమన్నా?" అంది హిమజ.

చెన్నకేశవ మొదట దస్తగిరి షాపుకు వెళ్లాడు. చెన్నకేశవ వాళ్ల నాన్న లారీలకు ముప్పై ఏళ్లు టైర్లు వేసిన మనిషి దస్తగిరి. ఫొటో చూపించగానే ఆయన దాన్ని పక్కన పెట్టి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"దీన్ని యాడ తోల్తావు కేశవా?"

"ఇక్కడే మామా. రాయచోటి, తిరుపతి, బెంగళూరు."

"ఎవరెవరు కూర్చుంటారు?"

"ఇంట్లోవాళ్లే. వచ్చే నెల హిమజను పెండ్లికి తీసుకుపోవల్ల."

"వానొస్తే తోల్తావా, ఇంట్లో పెడతావా?"

"అది వాన మామా, యుద్ధమా? తోల్తా."

"అయితే ఇవి వద్దు" అని దస్తగిరి ఫోను తిరిగి ఇచ్చేశాడు. "టైరు మంచిదే, పేరు పెట్టేదానికి లేదు. ఎండలో, వేడెక్కినాక రోడ్డును జలగ పట్టినట్టు పట్టుకుంటుంది. కానీ దీనికి గాడులు యాడుండాయి? కింద చేరిన నీళ్లు ఎట్ల పోవల్ల? చల్లబడితే ఈ రబ్బరు గట్టిపడతాది. నీ బండికి పట్టున్న టైరే కావల్ల, కాదనను. ఎండకూ వానకూ పట్టుండే రకం వేరే ఉంది. చూసేదానికి ఇంత సోకుగా ఉండదు. రేసులో రెండు సెకన్లు వెనకబడతాది. నీకెందుకు ఆ రెండు సెకన్లు?"

"మన కడపలో వాన యాడుంది మామా? ఏడాదికి ఎన్ని దినాలు పడుతుంది?"

"ఒక్క దినం చాలు కదబ్బా" అన్నాడు దస్తగిరి.

చెన్నకేశవ ఆయనకు దండం పెట్టి బయటికి వచ్చాడు. ముసలాయనకు కొత్త సరుకు గురించి ఏం తెలుసు అనుకున్నాడు. రెండో షాపులో కుర్రవాడు కూడా వద్దనే చెప్పాడు. వీడికి మీసాలే సరిగా రాలేదు, వీడికేం అనుభవం అనుకున్నాడు. ప్రొద్దుటూరు మెకానిక్ వద్దన్నాడు. అతను అలాంటి కారు జన్మలో తోలి ఎరగడు, వదిలెయ్. తిరుపతి డాక్టరుకు అచ్చం అలాంటి కారే ఉంది, ఆయనా వద్దన్నాడు. అది అసూయ. కారు అమ్మినవాడు వద్దన్నాడు. అమ్మేశాక వాడికి మన బాగు ఎందుకు? ఆరోవాడు చెన్నైలో నిజంగా రేసులు తోలే పాత స్నేహితుడు. "నేను రేసుకు అవే వేస్తాను. ఇంటికి వచ్చేటప్పుడు విప్పేసి మామూలువి బిగించుకుని వస్తాను" అన్నాడు. వాడు చదువుకునే రోజుల నుంచీ పిరికివాడేలే అనుకున్నాడు చెన్నకేశవ.

ఏడోవాడి షాపు బెంగళూరులో ఉంది. లోపల ఏసీ, మెత్తటి సోఫాలు, రాగానే కాఫీ. అక్కడి సేల్స్‌మన్ ఎక్కడ తోలతారని అడగలేదు, ఎవరు కూర్చుంటారని అడగలేదు.

"సార్ మనసులో ఏ టైరుంది?" అన్నాడు.

చెన్నకేశవ ఫొటో చూపించాడు.

"అబ్బా! ఏం సెలక్షన్ సార్! ఈ టైరు విలువ తెలిసినవాళ్లు నెలకు ఒక్కరు కూడా రారు."

"మరి వానలో ఎలా ఉంటుంది?" అని అడిగాడు చెన్నకేశవ. చూశారా, అడగడంలో మాత్రం ఎక్కడా లోటు చేయడు.

"మీ చేతిలో స్టీరింగ్ ఉండగా వానెంత సార్!"

ఆ పూటే నాలుగు టైర్లూ వేయించేశాడు. అతను వెళ్లాక ఆ సేల్స్‌మన్ పక్కవాడితో ఏమన్నాడో, ఎలా నవ్వాడో నాకు తెలియదు. మీరు ఊహించుకోగలరు.

ఇంటికి వచ్చి, "ఏడుగురిని అడిగి మరీ వేయించినా" అని అందరికీ చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. హిమజ ఆ మాట విని, మా అన్న ఏది చేసినా ఇంత ఆలోచించి చేస్తాడు అనుకుంది.

పెళ్లిరోజు వచ్చింది. చుట్టాలంతా తెల్లారగానే బస్సులో వెళ్లిపోయారు. హిమజ ముందు సీట్లో కూర్చుంది. వెనక ఇరుకు సీట్లో తలంబ్రాల పళ్లెం ఒళ్లో పెట్టుకుని లక్ష్మీకాంతమ్మ పిన్ని ఒదిగింది. ఫొటోలవాడు కారు ముందు ఒకటి, కారు పక్కన ఒకటి అంటూ నిలబెట్టేసరికి బయలుదేరడం కొంచెం ఆలస్యమైంది. అయినా ముహూర్తానికి గంటన్నర చేతిలో ఉంది. గువ్వలచెరువు కొండల ఘాటు మొదలయ్యే వరకూ రోడ్డు పొడిగానే ఉంది, టైర్లు రోడ్డును కరిచి పట్టుకున్నాయి. "చూసినావా, ఎట్ల పోతాందో!" అన్నాడు చెన్నకేశవ.

మొదటి మలుపు దగ్గర చినుకులు పడ్డాయి. మూడో మలుపుకు కుండపోత అయింది. కొండ మీది నుంచి ఎర్రటి నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి.

"నిదానం నాయనా" అంది పిన్ని.

చెన్నకేశవ నిదానంగానే పోతున్నాడు. అది ఒప్పుకోవాలి. నలభై దాటలేదు. ఎదురుగా రోడ్డు ఎత్తుకు ఎక్కుతూ కనబడితే, ఎవరైనా చేసేలాగే యాక్సిలరేటరు కొంచెం తొక్కాడు. ఐదు వందల గుర్రాలూ ఒక్కసారి లేచాయి. వాటి కింద చల్లబడ్డ రబ్బరు ఉంది, రబ్బరు కింద నీళ్లు ఉన్నాయి, నేల లేదు. కారు ముందుకు పోలేదు. ఉన్నచోటే తోక పక్కకు విసిరి గిర్రున తిరిగింది. జారకుండా కాచే ఏర్పాట్లు అందులో నాలుగైదు ఉన్నాయి కానీ, నేలను తాకని టైరును ఏ ఏర్పాటు మాత్రం ఏం కాస్తుంది? వెనక భాగం లోయ వైపు పిట్టగోడను కొట్టుకుంది. గోడ సగం కూలింది. ఒక వెనక చక్రం గాలిలో తేలి ఆగింది.

పిన్ని "ఓరి దేవుడో" అని ఏడుపు అందుకుంది. చెన్నకేశవ ఇద్దరినీ కొండ వైపు తలుపు నుంచి దింపాడు. ప్రాణాలకు ఏమీ కాలేదు. పసుపు బియ్యం కారంతా చిమ్మింది. హిమజ ఎడమచేయి తలుపుకు కొట్టుకుని ఆ చేతి గాజులన్నీ పగిలాయి, మణికట్టు దగ్గర నెత్తురు వచ్చింది. పెళ్లికి గంట ముందు పెళ్లికూతురి గాజులు పగిలాయని పిన్ని గుండెలు బాదుకుంది.

వెనకే ఒక ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మెట్టు మీద నుంచి తొంగి చూసింది.

"అమ్మమ్మా, పెండ్లికూతురా! ఎక్కు తల్లీ. ముహూర్తం ఎన్నింటికి?"

"పదకొండూ ఇరవైకి."

"డ్రైవరన్నా, విన్నావు కదా!"

రోజూ గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగే బస్సు ఆ రోజు ఆగలేదు. ఒక్క ప్రయాణికుడు కూడా నోరెత్తలేదు. ముందు సీట్లోని ముసలామె తన చేతి నుంచి రెండు పచ్చగాజులు తీసి హిమజ చేతికి తొడిగింది. అది చూసి వెనక సీటామె రెండు ఎర్రవి ఇచ్చింది. ఘాటు దాటేసరికి హిమజ ఎడమచేయి రకరకాల గాజులతో నిండింది. పిన్ని ఏడుపు ఆపింది.

చెన్నకేశవ చెల్లెలి పక్కన నిలబడ్డాడు, ఆమె ముఖం చూడలేక కిటికీలోంచి చూస్తున్నాడు. బస్సు మలుపులన్నీ నింపాదిగా ఎక్కింది, ఎక్కడా తొణకలేదు.

"అన్నా" అంది హిమజ. "టైర్లే కదా జారింది?"

"ఊఁ."

"ఏడుగురిని అడిగినానంటివే. వానకు పనికిరావని ఒక్కరూ చెప్పలేదా?"

చెప్పలేదు అంటే సరిపోయేది. హిమజ నమ్మేది, ఎప్పుడూ నమ్మినట్టే. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు అతని కన్ను ఆ గాజుల కింద కట్టిన గుడ్డ మీద పడింది, దాని మీది ఎర్రటి మరక మీద పడింది.

"చెప్పినారమ్మా" అన్నాడు. "ఆరుగురు చెప్పినారు."

"మరి?"

"అందుకే ఏడోవాణ్ణి అడిగినా."

హిమజ తల తిప్పుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నువ్వు తోలితే నాకేం భయమన్నా అన్న పిల్ల, ఆ తర్వాత చాలాకాలం ఆ మాట మళ్లీ అనలేదు. చెన్నకేశవకు కారు దెబ్బతిన్నందుకు కలగని బాధ దానికి కలిగింది.

పదకొండూ పదికి బస్సు మండపం ముందే ఆగింది. ముహూర్తం తప్పలేదు. తడిసిన పంచెతోనే చెన్నకేశవ కన్యాదానం చేశాడు.

కారు బాగుపడి వచ్చాక అతను దాన్ని నేరుగా దస్తగిరి షాపుకు తీసుకుపోయాడు. ఫొటో ఏదీ చూపించలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మామా, ఈసారి నేను అడగను. నువ్వు అడుగు, నేను చెప్తా. ఆమీద నువ్వు ఏది చెప్తే అది."

దస్తగిరి పాత ప్రశ్నలే మళ్లీ అడిగాడు. ఎండకూ వానకూ పట్టుండే టైర్లు వేశాడు. అవి సోకుగా లేవు. చెన్నకేశవ వాటిని రెండోసారి చూడను కూడా లేదు.

అక్కడి నుంచి హెడ్మాస్టరుకు ఫోను చేశాడు.

"సార్, మీ స్నానాల గదిలో ఆ నున్నటి బండలు పీకించి గరుకువి వేయిస్తాను. మనుషులను రేపే పంపుతా."

"ఎందుకయ్యా? అవి బాగానే ఉన్నాయే. నేనింకా జారి పడలేదు" అన్నాడాయన.

"పడకముందే సార్. ఆ రోజు మీకు చెప్పాల్సింది సగమే చెప్పి నవ్వుకున్నాను. ఈసారి మీరు ఒప్పుకునేదాకా చెప్తా."

హెడ్మాస్టరు కాసేపు గొణిగాడు, తర్వాత సరేనన్నాడు.

ఈ కథ చెప్పే నీతి ఇది: నచ్చిన జవాబు దొరికేదాకా పదిమందిని అడిగేవాడి కంటే, నచ్చని జవాబు చెప్పిన మొదటివాడి దగ్గరే కూర్చుని వినేవాడు మేలు. అతను తన ప్రాణాన్నీ, తనను నమ్మినవాళ్ల ప్రాణాన్నీ కాపాడుకుంటాడు.