సోమవ్వ కాళ్లతో కొలిచిన దారి

అనగనగా ఒక అడవిలో ఎర్రగుట్ట, ఆ గుట్ట నిండా కొండముచ్చులు. నల్లటి మొహాలు, బారెడేసి తోకలు. వాటికి మైళ్లూ తెలియవు, కోసులూ తెలియవు. ఎంత దూరమైనా గంతుల్లోనే చెప్పేవి. "చింతతోపు ఎంత దూరం?" అని అడిగితే "ఎంతో లేదు, నూరు గంతులు" అనేవి.

గంతుల్లో జువ్వను మించినవాళ్లు ఆ గుట్ట మీద లేరు. జువ్వ అంటే మనం దీపావళికి వదిలే జువ్వ కాదు పిల్లలూ, ఒక కొండముచ్చు పిల్ల. అయినా ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఈ కొమ్మ మీద ఉందనుకునేలోపే ఆ కొమ్మ మీద ఉండేది. ఆ సంగతి దానికీ బాగా తెలుసు. అందుకే కాస్త తల ఎగరేసుకుని తిరిగేది.

జువ్వ వాళ్ల అవ్వ, అంటే నాన్నను కన్న తల్లి, పేరు సోమవ్వ. ఒకప్పుడు ఆమెవీ పెద్ద పెద్ద గంతులే. కిందటేడు కొమ్మ విరిగి పడ్డప్పటి నుంచి కుడికాలు ఈడుస్తూ నేల మీదే నడుస్తోంది. కానీ "నా వల్ల కాదు" అనే మాట సోమవ్వ నోటి వెంట ఎవరూ వినలేదు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అనేది.

ఒకరోజు తేనెగుట్ట నుంచి ఒక గువ్వ కబురు తెచ్చింది. సోమవ్వ చెల్లెలు రాజవ్వ ఉండేది ఆ గుట్ట మీదే. "అక్కా, నా కళ్లు మసకబారిపోతున్నాయి. ఈ వానాకాలం దాటితే నీ మొహం నాకు కనపడదేమో. వానలు పడి వాగు పొంగకముందే ఒక్కసారి వచ్చి పో." అదీ కబురు.

సోమవ్వ తేనెగుట్ట ఉన్న వైపు తిరిగి కూర్చుంది. ఆ పూట చిగురు కూడా ముట్టలేదు.

అది చూసి జువ్వ ఒక్క గంతులో అవ్వ పక్కన వాలింది. "అవ్వను నేను తీసుకెళ్తాను!" అంది. అప్పటికప్పుడు దుమ్ములో పుల్లలు పేర్చి దారి గీసింది. "తేనెగుట్ట నాలుగు వేల గంతులు. రోజుకు రెండు వేలు. రెండు రోజుల్లో అక్కడుంటాం!"

అందరూ భేష్ అన్నారు. సోమవ్వ పుల్లల వంక చూసి "అబ్బో, రెండు రోజులే!" అని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే అవ్వను వెంటబెట్టుకుని జువ్వ మద్దిచెట్టు దాకా బయలుదేరింది. ఊరికే, చూద్దామని. అయిదు గంతులు వేసి వెనక్కి తిరిగింది. అవ్వ లేదు. ఎక్కడో వెనక ఒక పుట్ట దగ్గర నిలబడి ఉంది. "ఎంత ముచ్చటగా కట్టాయే ఈ చెదలు!" అంది. ఇంకో అయిదు గంతులు వేసి చూస్తే అవ్వ ఒక తీగను పట్టుకుని పువ్వు వాసన చూస్తోంది. మూడోసారి చూస్తే పైన పిట్టలు లెక్కపెడుతోంది.

"మా అవ్వకు ఈ పిచ్చి ఎప్పటి నుంచి?" అనుకుంటూ జువ్వ కిందికి దిగింది. దగ్గరికి వెళ్లాక తెలిసింది. అవ్వ కుడికాలు గజగజ వణుకుతోంది. అక్కడ పైన పిట్టలే లేవు.

జువ్వకు సిగ్గేసింది. నాలుగు వేల గంతులు! ఆ గంతులు ఎవరివి? అన్నీ తనవే. అవ్వది అందులో ఒక్క అడుగు కూడా లేదు.

జువ్వ ఆ మాట పైకి అనలేదు. అంటే అవ్వ చిన్నబుచ్చుకుంటుంది. ఇంటికి వచ్చి కుడికాలికి ఒక రాయిని తీగతో కట్టుకుంది. తేనెగుట్ట దాకా నేల మీద నడిచి చూసి వస్తానని బయలుదేరింది.

పైకొమ్మ మీంచి మేనమామ సింగడు చూశాడు. "ఏమే జువ్వా! కొండముచ్చు పుటక పుట్టి మేకపిల్లలా నేల మీద నడుస్తావా? మన పరువు తీస్తున్నావు కదే!" అన్నాడు. చుట్టూ కొమ్మల మీద అందరూ పకపకా నవ్వారు. జువ్వకు మొహం మాడిపోయింది. రాయి విప్పేసి ఒక్క గంతులో వాడి నెత్తి మీద ఉండాలనిపించింది. కానీ విప్పలేదు. రాయిని ఈడ్చుకుంటూ నడిచింది.

నడుస్తుంటే కొమ్మల మీంచి ఎప్పుడూ కనపడని సంగతులు కనిపించాయి. నీడ ఎక్కడ ఉందో చూసి పెట్టుకుంది. పళ్లు ఊడిన నోటికి పనికొచ్చే లేత చిగుళ్లు ఎక్కడున్నాయో చూసుకుంది. వంగితే అందే నీళ్లు ఎక్కడున్నాయో చూసుకుంది. తేనెగుట్టకు రెండు దారులున్నాయి. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి నడిచి చూసింది. నేరుగా పోతే ఏడు రోజులు, కానీ వాగు ఆరో రోజున తగులుతుంది. అక్కడ అది బాగా వెడల్పు. పైదారిన పోతే ఎనిమిది రోజులు. అక్కడ వాగు రెండో రోజే వస్తుంది, రాళ్ల మీద కాలు పెట్టి దాటవచ్చు.

తిరిగి వచ్చేసరికి ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. జువ్వ మళ్లీ పుల్లలు పేర్చింది.

"రెండు రోజుల దారి ఎనిమిది రోజులైందా! మంచి లెక్కే!" అని సింగడు మామ నవ్వాడు.

జువ్వ వాడి వంక చూడలేదు. అవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, నువ్వు చెప్పు. వాగును ముందు పెట్టుకుందామా, చివర పెట్టుకుందామా?"

ప్రయాణం మాట మొదలైనప్పటి నుంచి సోమవ్వను ఎవరైనా అడగడం ఇదే మొదలు. ఆమె వాగు పుల్ల మీద వేలు పెట్టింది. మెల్లగా అంది. "ముందే పెట్టవే తల్లీ. నా కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే దాటేద్దాం. చివరికొస్తే నా వల్ల కాదు."

ఆ మాట సోమవ్వ నోటి వెంట వచ్చేసరికి సింగడు మామ నవ్వు ఆగిపోయింది.

మర్నాడు బయలుదేరారు. చిరుత వస్తే కేక వేయడానికి సింగడు మామ కూడా కొమ్మల మీద వెంట వచ్చాడు. జువ్వ నేల మీదే, అవ్వ అడుగులో అడుగు వేసి నడిచింది. నీడ వచ్చిన ప్రతిచోటా "అవ్వా, తల దురద పెడుతోందే, కాస్త పేలు చూడవా?" అనేది. సోమవ్వ కూర్చుని పేలు చూసేది. కాలు నొప్పి తగ్గాక లేచేది. మూడో రోజున సోమవ్వ నవ్వేసింది. "దొంగమొహమా! నీ తలలో పేలు నిన్ననే అయిపోయాయి. ఊరికే కూర్చుందాం రా" అంది. ఆ తర్వాత అలసిపోయినప్పుడల్లా సోమవ్వే చెప్పేది, కూర్చుందామని.

ఆరో రోజు ఆకాశం చిల్లు పడ్డట్టు వాన కురిసింది. ఒక బండ కింద ముగ్గురూ దూరారు. దూరంగా వాగు హోరుమంటూ పొంగుతున్న చప్పుడు వినిపించింది. ఆ వాగు వాళ్ల వెనక ఉంది. నాలుగు రోజుల కిందటే దాటేశారు. నేరు దారిన వచ్చి ఉంటే ఈరోజు దాని ఒడ్డునే ఉండేవారు. సింగడు మామ చాలాసేపు ఆ చప్పుడు విన్నాడు. వాన వెలిశాక కొమ్మ ఎక్కలేదు. "అత్తా, ఇక్కడ జారుతుంది, నా భుజం పట్టుకో" అని పక్కన నడిచాడు.

ఎనిమిదో రోజు తేనెగుట్ట వచ్చింది. అక్కడి చెట్లు చూస్తే ఏ కొండముచ్చుకైనా కాళ్లు ఆగవు. కొమ్మల నిండా కుర్ర కొండముచ్చులు పందేలు వేసుకుంటున్నాయి. "ఎవర్రా ఈ పిల్ల? నేల మీద పాకుతోంది!" అని ఒకటి అరిచింది. మిగతావి నవ్వాయి.

"వెళ్లవే, ఒక్క గంతు వేసి చూపించు వాళ్లకు. నేను ఇక్కడ కూర్చుంటాను" అంది సోమవ్వ.

"ఇంకో నలభై అడుగులే అవ్వా. కలిసి వేద్దాం" అంది జువ్వ.

రాజవ్వ ఒక బండ మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని తలెత్తింది. కళ్లు చికిలించి చూసింది. "అక్కా! నువ్వేనా? నీ మొహం కనిపిస్తోందే! గడ్డం కింద మచ్చ కూడా కనిపిస్తోంది!" అని ఏడ్చేసింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు తడుముకుంటూ కూర్చున్నారు. వాళ్లకు లోకం పట్టలేదు.

కాసేపటికి రాజవ్వ జువ్వ వైపు తిరిగింది. "ఈ బిడ్డ ఎవరక్కా? పాపం, దీనికి గంతులు రావా?"

సోమవ్వ లేచి నిలబడింది. నడుము నిటారుగా పెట్టింది. కొమ్మల మీద ఉన్న వాళ్లందరికీ వినపడేటట్టు అంది. "రావా? ఎర్రగుట్టలో దీన్ని మించి గంతు వేసేవాళ్లు పుట్టలేదు! అయినా ఎనిమిది రోజులు ఒక్క గంతు వేయలేదు. నా కాళ్లతో నడిచింది. నన్ను నడిపించి నీ దగ్గరికి తెచ్చింది. ఇది నా మనవరాలే రాజీ, నా మనవరాలు!"

కొమ్మల మీది కుర్ర కొండముచ్చులు ఒక్కొక్కటే కిందికి దిగి, జువ్వ పక్కన నేల మీద వచ్చి కూర్చున్నాయి. జువ్వ జన్మలో ఎన్నో గంతులు వేసింది, ఎన్నో మెప్పులు పొందింది. అవ్వ అన్న ఆ మాటకు మాత్రం దాని గుండె ఎన్నడూ లేనంతగా ఉప్పొంగిపోయింది.

నీతి: పెద్దవాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరేటప్పుడు దారిని వాళ్ల కాళ్లతో కొలవాలి, వాళ్లను అడిగి మరీ కొలవాలి.