ప్లగ్గు పెట్టి చూసే శుభలేఖ

అత్తిలిలో గవర్రాజు, పోలిరాజు అని ఇద్దరు అన్నదమ్ములు. ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళది. "చెప్పింది చెప్పినట్టు చెయ్యాలంటే తెలివుండాలండీ, అది మాకు పుట్టుకతోనే వచ్చింది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవారు.

ఓ రోజు ఏలూరు నుంచి గవర్రాజు బావమరిది శేషు వచ్చి, కంప్యూటర్లో ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. "పెద్దపెద్ద ప్రెస్సుల పనికి కూడా ఇది చాలు బావా. రెండే జాగ్రత్తలు. రంగు కార్డు అంచు దాటి కాస్త బయటికి పోవాలి, లేకపోతే కోసినప్పుడు తెల్లగీత పడుతుంది. తెర మీద రంగూ కాగితం మీద రంగూ ఒకేలా ఉండాలి" అని చెప్పి బస్సెక్కాడు.

మర్నాడే సుందరమ్మగారు కూతురి పెళ్ళి శుభలేఖల కోసం వచ్చింది. "కుంకుమరంగులో కళకళలాడాలయ్యా. మా పెద్దాడపడుచు నాంచారమ్మకి ఏ కాస్త వంక దొరికినా అలిగి పెళ్ళికి రాదు. అక్క రాకపోతే మా ఆయన పీటల మీద కూర్చోడు" అంది.

అంతే. కార్డు అచ్చేసి, కుంచె పట్టుకుని అంచు దాటి రంగు పూశారు. బల్లకి పూశారు, గోడకి పూశారు.

"ఇంకా ఎంత దూరం పోవాలన్నయ్యా?"

"కాస్తే అన్నాడుగా. గుమ్మం దాకా చాల్లే" అన్నాడు గవర్రాజు.

తీరా చూస్తే తెర మీద కుంకుమరంగు, కాగితం మీద ఇటుకరంగు! "రెండూ ఒకేలా ఉండాలన్నాడు కదా" అని గవర్రాజు కాఫీ డికాషన్ తెచ్చి తెరకి పట్టించాడు. ఇప్పుడు రెండూ ఇటుకరంగే. ఎంత మంచి సాఫ్ట్‌వేరు అని మురిసిపోయారు.

సుందరమ్మ వచ్చి కార్డు చూసి గుండె బాదుకుంది. "నా కొంప ముంచారు కదయ్యా!"

పోలిరాజు కంగారుపడి తువ్వాలుతో తెర తుడిచాడు. కుంకుమరంగు ధగధగా మెరిసింది.

"ఇదయ్యా నాక్కావలసింది! ఇదే పంపండి. నాలుగు మూలలా పసుపు పెట్టి, ముందు తిన్నగా నాంచారమ్మ చేతికే ఇచ్చి రండి" అంది.

ఇంకేముంది! తెరకి నాలుగు మూలలా పసుపు పెట్టారు. కంప్యూటర్ పెట్టె, వైర్లు అన్నీ కలిపి రిక్షా ఎక్కించారు. నాంచారమ్మ ఇంట్లో ప్లగ్గు పెట్టి, "తప్పకుండా రావాలండీ" అని దణ్ణం పెట్టారు.

నాంచారమ్మ మొహం చాటంతయింది. "కార్డంటే ఇదీ! వారం ముందే వస్తానని మా తమ్ముడితో చెప్పండి" అంది. తెర మాత్రం తిరిగివ్వలేదు, శుభలేఖ ఎవరైనా వెనక్కిస్తారా? ఆ సంగతి తెలిసి మిగతా చుట్టాలంతా అలిగి కూర్చున్నారు, మాకు ప్లగ్గు లేని కార్డేమిటని.

సాయంత్రం శేషు ఫోన్ చేశాడు. "తెరకీ కాగితానికీ రంగు తేడా వస్తోందా బావా?"

"పొద్దున్న వచ్చిందిగానీ శేషూ," అన్నాడు గవర్రాజు, "తెర తీసేశాక అస్సలు లేదు."