రాజుగారి మీద కప్పిన తువ్వాలు

…అదేనే, ఏమీ అనుకోకు ఇందుజా, నువ్వడిగి మూడ్రోజులైంది, ఇప్పటికి చెప్తున్నా. రెండుసార్లు రికార్డు చెయ్యడం మొదలుపెట్టి చెరిపేశాను. నాకు ఏదైనా మొదట్నించీ చెప్పకపోతే తోచదు, నీకు తెలుసుగా. నీ పాము వారంగా తినట్లేదు, కళ్ళు తెల్లబడ్డాయి అన్నావు, నిన్నేమో నీ వేలి మీదకే కరవడానికొచ్చిందన్నావు. అచ్చం నాక్కూడా అలాగే జరిగింది.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. వాల్తేరులో ఇమ్మానియేల్ మాస్టారి దగ్గర పాముల గురించి నేర్చుకుంటున్నాను. మాస్టారింట్లో నీ దాంట్లాంటిదే కింగ్ స్నేక్ ఉండేది. నల్లటి ఒళ్ళు, తెల్ల పట్టీలు. విషం లేదు. ఎవరో పైదేశం ప్రొఫెసరు వెళ్ళిపోతూ ఇచ్చాట్ట. ఇంట్లో అందరూ దాన్ని రాజుగారనేవారు. మాస్టారి భార్య, అమ్మగారైతే రోజూ, రాజుగారు భోంచేశారా అని అడిగేవారు.

మాస్టారు కంటి ఆపరేషన్‌కి వెళ్తూ రాజుగారిని నాకప్పగించారు. అద్దాల పెట్టెతో సహా మా ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మ, అదే మీ నానమ్మ, ముందుగదిలోకి రావడమే మానేసింది. నాకేమో ఎంత గర్వమో. నా చేతికి అలవాటైపోయింది, నన్ను గుర్తుపడుతుంది అని కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను.

నాలుగో రోజుకి దాని కళ్ళు పాలు పోసినట్టయ్యాయి. తిండి ముట్టలేదు. కుబుసానికి ముందు అలాగే ఉంటుందని పుస్తకంలో చదివాను. చదివితే మాత్రం కంగారు ఆగుతుందా? చచ్చిపోతే మాస్టారికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? గంటకోసారి మూత తీసి చూడటం, చచ్చిన చిట్టెలుకని మూతి దగ్గర పెట్టడం. నాకు బాగా కనపడుతుందని పెట్టెని కిటికీ పక్కకి జరిపాను. ఆరో రోజు చెయ్యి కరిచింది.

ఏడ్చుకుంటూ మాస్టారింటికి వెళ్ళాను. ఆయన ఒక కంటికి కట్టుతో పడక్కుర్చీలో ఉన్నారు. అన్నీ చెప్పాను. చెయ్యి చూపించాను.

"ఇంత చేస్తుంటే నన్నే కరిచింది మాస్టారూ."

ఆయన కూర్చోమన్నారు. భుజం మీద తువ్వాలు తీసి నా కళ్ళకి కట్టారు.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఉన్నట్టుండి మూతికేదో తగిలింది. ఉలిక్కిపడ్డాను. బిస్కెట్టు. తినమన్నారు, వద్దన్నాను. కాసేపటికి నెత్తి మీద తట్టారు. మళ్ళీ బిస్కెట్టు. పక్కన అమ్మగారు నవ్వాపుకుంటున్నట్టు తెలుస్తోంది. మూడోసారి తగిలేసరికి ఫట్‌మని కొట్టేశాను. తగిలింది మాస్టారి చేతికి.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన నా కళ్ళకున్న తువ్వాలు విప్పి నా చేతిలోనే పెట్టారు.

"గిన్నెలో నీళ్ళు చూసుకో. ఇది పైన కప్పు. ఇక వెళ్ళు."

పెట్టెని మళ్ళీ మూలకి జరిపి తువ్వాలు కప్పాను. పొద్దున్నే ఒక మూల కొంచెం ఎత్తి, చెయ్యి పెట్టి నీళ్ళు పోయడం, అంతే. ఎత్తి చూడకుండా ఉండటం ఎంత కష్టమో తెలుసా? మీ నానమ్మ వంటింట్లోంచే, బతికుందా అని అడిగేది. తెలీదమ్మా అనేదాన్ని.

తువ్వాలు కప్పిన ఎనిమిదో రోజు లోపల గరగరమని చప్పుడు. మర్నాటికి కుబుసం, మేజోడు తిరగదీసినట్టు, ఎక్కడా చిరగలేదు. రాజుగారు అప్పుడే పాలిష్ పెట్టిన బూట్లలా నిగనిగలాడుతున్నారు.

కుబుసం మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కంటికి కట్టు తీసేశారు అప్పటికి. కుబుసాన్ని వెలుతురుకి పెట్టి, తల దగ్గర, దాంతోపాటే ఊడొచ్చిన ఆ రెండు కంటి పొరలూ చాలాసేపు చూశారు.

"మధ్యలో ఎన్నిసార్లు చూశావు?"

"ఒక్కసారీ చూడలేదు మాస్టారూ."

"అయితే పెంచావు."

ఆయన పోయి పదకొండేళ్ళు. ఆ తువ్వాలు నా బీరువాలోనే ఉంది, అంచు చిరిగింది. నీకు పంపిద్దామని మొన్న బయటికి తీశాను, మళ్ళీ లోపలే పెట్టేశాను. నువ్వు నీ దగ్గరున్నది ఏదో ఒకటి… ఇదిగో, నిన్న పంపిన వీడియోలో ఆ పెట్టె మూత తీసే ఉంది కదే, ముందు నువ్వు… ఆఁ, వస్తున్నానండీ… ఉండవే, మీ మావయ్య పిలుస్తు…