ఖాళీ పల్లకి బరువు

ఒకానొక కొండకోట రాజ్యాన్ని మహీధర రాయలు ఏలుతుండేవాడు. వయసు డెబ్బై దాటింది. ఒళ్లు విపరీతంగా పెరిగింది, కాళ్లలో సత్తువ పోయింది. సింహాసనం మీంచి లేవాలంటే ఇద్దరు భటులు చంకల కింద చేతులు వేసి లేపాలి.

ఆస్థాన వైద్యుడు నెలరోజులు లంఘనాలు చేయించాడు. బరువు కొంత తగ్గింది గానీ, ఉన్న కాస్త కండా కరిగిపోయి రాయలు స్నానాల గదిలో కూలబడ్డాడు. వైద్యుడు భయపడుతూ, "ప్రభువులు రోజూ నాలుగడుగులు నడిస్తే..." అన్నాడు.

"నడవడానికి నేనేమన్నా బోయీనా? ఇకమీదట నన్ను నడవమన్నవాడికి దేశబహిష్కారం!" అని రాయలు గర్జించాడు. ఆ సాయంత్రమే వైద్యుడు పొలిమేర దాటాడు.

కొలువులో పేరిశాస్త్రి అనే విదూషకుడు ఉండేవాడు. రాయలికి చిన్ననాటి స్నేహితుడు. ప్రభువు ఈ ఏడు దాటడేమోనని అతనికి దిగులు పట్టుకుంది.

కొన్నాళ్లకు, పొగమంచు కమ్మిన ఒక ఉదయం, రాయల కోసం పల్లకి వచ్చింది. లోపల ఎవరూ లేరు. అయినా మోసేవాళ్లు ఎనిమిదిమందీ చెమటలు కక్కుతున్నారు.

"ఏమైందిరా?"

బోయీల పెద్ద ఎల్లప్ప చేతులు జోడించాడు. "లోపల ఎవరో కూర్చున్నారు మహాప్రభో. అచ్చం తమరంత బరువు."

రాయలు తెర తీయించాడు. పరుపు నడిమధ్య మనిషి కూర్చున్నట్టు గుంట పడి ఉంది. చేత్తో తాకితే చల్లగా తగిలింది.

పేరిశాస్త్రి చెవి దగ్గర వంగి చెప్పాడు. "ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్నవారి చోటు కోసం ఒకటి వస్తుందట ప్రభూ. చోటు పూర్తిగా దానిదైపోతే, ఇక మనిషి ఉండడట."

"అది పోయే దారి?" అని రాయలు అడిగాడు.

"రోజూ దాన్ని ఊరేగించాలి. తమరు పల్లకి వెనక ఉండాలి. వెళ్లేముందు, వచ్చాక, పీట మీంచి పదేపదే లేచి దండం పెట్టాలి. తమ పళ్లెంలోని నేతి అరిసెలు, లడ్డూలు దానికి పెట్టాలి. పప్పు, పాలు, కూరలు అది ముట్టదు. అవి తమకే."

మొదటిరోజు రాయలు చేతికర్ర పట్టుకుని ఇరవై అడుగులు వేసి ఆగిపోయాడు. మర్నాడు పాతిక. పల్లకిలో పెట్టిన పళ్లెం రోజూ ఖాళీగా తిరిగొచ్చేది. వారం వారం ఎల్లప్ప, "కొంచెం తేలికైంది మహాప్రభో" అనేవాడు.

నాలుగు నెలలకు రాయలు కోట చుట్టూ తిరిగొచ్చి, ఎవరి సాయమూ లేకుండా పీట మీంచి లేచాడు. అది చూసి పేరిశాస్త్రికి కళ్లనీళ్లు తిరిగాయి. కాళ్లమీద పడి నిజం చెప్పేశాడు. పల్లకి అడుగుపలక కింద రాళ్లు పెట్టించింది, వారానికి కొన్ని తీసేసింది తానే. మిఠాయిలు తిన్నది బోయీలు.

"నన్నే నడిపిస్తావా? శిక్ష గుర్తుందా?"

"నడవమని ఒక్కమాటన్నానా ప్రభూ? పల్లకి వెనక ఉండమన్నాను. అది ఆగకుండా పోతుంటే నా తప్పా?"

రాయలు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన బంగారు కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. వైద్యుణ్ణి వెనక్కి పిలిపించమన్నాడు.

"ఇంకా ఎన్ని రాళ్లున్నాయి శాస్త్రీ?"

"ఒక్కటీ లేదు ప్రభూ. అన్నీ తీసేసి పక్షం రోజులైంది. అప్పట్నుంచి ఈ బోయీలు రొప్పడమంతా నటనే."

ఎల్లప్ప ముఖం పాలిపోయింది. "మేం నటించలేదయ్యా. రాళ్లింకా ఉన్నాయనుకున్నాం."

తెర వెనక పల్లకి చెక్క మెల్లగా కిర్రుమంది.

రాయలు చేతికర్ర అందుకుని నిలబడ్డాడు.

"ఎత్తండి. ఇంకో చుట్టు తిరిగొద్దాం."