ఆకు కప్పిన ఆనవాలు

అనగనగా నీళ్ళు సన్నగా పారే ఒక వాగు. ఆ వాగుకు ఈ గట్టున కాకులు, ఆ గట్టున గోరింకలు. నడుమ ఇసుకలో, గులకరాళ్ళ మధ్య, ఒక తీతువు పిట్ట. దాని పేరు గులకమ్మ. గూడంటూ లేదు దానికి. రాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది, రాళ్ళ మధ్యే పొదుగుతుంది. నోరు మాత్రం పెద్దది. దాని కూత అపశకునమని రెండు గట్లవాళ్ళూ ముఖం తిప్పుకునేవారు.

వాగు మధ్యలో చాటింపు బండ ఉండేది. ఏ కబురైనా ఆ బండెక్కి చెప్పాల్సిందే. పూర్వం ఎవడో "అడవి అంటుకుంది" అని ఉత్తుత్తి కబురు చెబితే, రెక్కలు రాని పిల్లలను గూళ్ళలోనే వదిలి పక్షులన్నీ పారిపోయాయట. తిరిగొచ్చేసరికి పాములు మిగిల్చిందేమీ లేదు. అప్పుడు పెద్దలు ఏడ్చి ఏడ్చి ఒక కట్టుబాటు పెట్టారు. కబురు తెచ్చినవాణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి. కళ్ళారా చూశావా? నీతోపాటు చూసినవారెవరు? ఆనవాలేది? జవాబు లేని కబురు బండ దిగకూడదు. అడగడానికి గట్టుకొక వాకబుదారు. కాకులకు కాటుకయ్య, గోరింకలకు పసిడిముక్కు.

కట్టుబాటు బంగారం లాంటిది. దాన్ని మట్టిపాలు చేసింది ఈ ఇద్దరు ప్రబుద్ధులే!

గోరింక బండెక్కితే చాలు, కాటుకయ్య మెడ సాచేవాడు. "చూశావా? ఏ కంటితో చూశావు? ఎండ నీ ముందుందా, వెనకుందా? ఆకు కదిలిందంటున్నావే, గాలి ఎటునుంచి వీచింది?" అలా కోడిగుడ్డు మీద ఈకలు పీకి పీకి, గోరింక కాస్త తడబడగానే "అబద్ధం!" అని అరిచేవాడు. కాకులన్నీ రెక్కలు టపటపలాడించేవి. అదే కాకి బండెక్కితేనో? "మనవాడు చెప్పాడు కదా, ఇంక అడిగేదేముంది" అని కళ్ళు మూసుకునేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి!

పసిడిముక్కేమైనా తక్కువ తిన్నాడా? కాకి నిజం చెప్పినా వాడికి వంద వంకలు కనిపించేవి. గోరింక గాలిమాట మోసుకొచ్చినా తలూపి ఊరుకునేవాడు.

గులకమ్మ ఇదంతా చూస్తూనే ఉండేది. "నాకెందుకొచ్చిన గోల" అనుకునేది. నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చుంది కదా, దాని లోకమంతా ఆ నాలుగు గుడ్లే.

ఆ వేసవిలో వాగంతా ఇంకిపోయి ఒక్క మడుగే మిగిలింది. ఒకనాటి పొద్దున ఆ నీళ్ళు గుప్పున కంపుకొట్టాయి. వెంటనే ఒక కాకి బండెక్కి, "మడుగులో విషపు కాయలు వేసింది తీతువే! వేయించింది గోరింకలే!" అని గొంతు చించుకుంది.

గులకమ్మకు ఒళ్ళు మండిపోయింది. రివ్వున ఎగిరి కాటుకయ్య ముందు వాలింది.

"అయ్యా, ఆ మూడు ప్రశ్నలూ అడగండి. వాడు చూశాడా? ఇంకెవరు చూశారు? ఆ కాయ ఏది?"

"మావాడు చెప్పాడే. అడిగేదేముంది?"

"మీవాణ్ణి అడిగితే ప్రశ్నలు అరిగిపోతాయా?"

"నోరు లేస్తోందే నీకు! అపశకునపు పిట్టవు, నీ కూతే సాక్ష్యం. రేపు పొద్దెక్కేలోగా వాగు వదిలి ఫో!"

పొమ్మనడం తేలికే. గుడ్లను మూటగట్టుకుని పోవడానికి పిట్టకు చేతులున్నాయా?

గులకమ్మ తిరిగొచ్చేసరికి కుర్రకాకులు రాళ్ళ మీద వాలి గుడ్లను వెతుకుతున్నాయి. పాపం, తల్లి ఏం చేస్తుంది? రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ, వాటి కళ్ళముందే పరుగెత్తింది. కాకులు ఆశపడి వెంటపడ్డాయి. అల్లంత దూరం తీసుకుపోయి, చటుక్కున ఎగిరి వెనక్కి వచ్చింది. గుడ్లు మూడే ఉన్నాయి. నాలుగోది పగిలి, సొన రాయి మీద కారుతోంది.

అప్పటికీ ఏడవలేదు గులకమ్మ. ఏడిస్తే ఆ మూడూ దక్కవని తెలుసు. నేరుగా ఆవలి గట్టుకు పోయింది.

పసిడిముక్కు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అమ్మా, నీకెంత అన్యాయం జరిగింది!" అంటూ కబురు చెప్పిన కాకిని బండ మీదే పట్టుకుని ప్రశ్నల వాన కురిపించాడు. కాకి నీళ్ళు నమిలింది. "చూడలేదు, సాక్షి లేడు, ఆనవాలు లేదు. అబద్ధం!" అని పసిడిముక్కు తేల్చాడు. గులకమ్మ ప్రాణం కుదుటపడింది.

అంతలో వాడు మెడ తిప్పి, "విన్నారా! అసలు విషం వేసింది కాకులే!" అని చాటాడు.

గులకమ్మ ఉలిక్కిపడింది. "అయ్యా, మీరు చూశారా?"

"మావాళ్ళు అంటున్నారు."

"సాక్షి ఎవరు? ఆనవాలేది?"

"ఏమే! నీ తరఫున మాట్లాడితే మమ్మల్నే నిలదీస్తావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమా నువ్వు? నువ్వు కాకుల పిట్టవని నేను ముందే అనుకున్నాను!"

అంతే, గోరింకలన్నీ ముక్కులు చాచి మీదికొచ్చాయి. చూశారా వరస! గడియ క్రితం "అమ్మా" అన్న నోరే అది.

ఇక గులకమ్మకు దిక్కెవరు? మడుగు దగ్గరికి పోయింది. అక్కడ ముసలి కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"తాతా, పొద్దస్తమానం ఇక్కడే ఉంటావు కదా. ఈ నీళ్ళు ఎవరు పాడుచేశారో చూశావా?"

"చూశానమ్మా. నన్ను అడిగిందెవరు? రెండు గట్లూ ఎదురెదురుగా అరుచుకుంటున్నాయే గాని, నీళ్ళలో ముక్కుపెట్టి వెతికినవాడు ఒక్కడూ లేడు."

గులకమ్మ నీళ్ళలో దిగింది. కంపును లెక్కచేయకుండా వెతికింది. దొరికినదాన్ని మోదుగాకులో చుట్టి తెచ్చుకుంది.

తెల్లవారింది. కాకులూ గోరింకలే కాదు, ఆ మడుగు నీళ్ళే దిక్కయిన పావురాలు, చిలకలు, కౌజులు కూడా వాగులో చేరాయి. గులకమ్మ ఆకు పొట్లంతో బండెక్కింది.

"మడుగు ఎందుకు పాడైందో కబురు తెచ్చాను. కళ్ళారా చూసినవాడు కొంగ తాత. నీళ్ళలో దిగి చూసినదాన్ని నేను. ఆనవాలు ఈ ఆకులో ఉంది. వాకబుదార్లూ, కానివ్వండి. మూడు ప్రశ్నలూ అడిగి, నిజమో అబద్ధమో తేల్చండి."

కాటుకయ్య పొట్లాన్ని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. "ముందు అందులో ఉన్నది నల్ల ఈకో గోధుమరంగు ఈకో చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకేమిటే! ఎవరివాడో తెలియకుండా ఎలా అడగమంటావు?"

పుట్టి బుద్ధెరిగాక కాకి మాటకు ఔననని పసిడిముక్కు కూడా గబగబా తలూపాడు. "అవునవును. అది తెలిస్తేనే కదా ఎన్ని ప్రశ్నలు వేయాలో తెలిసేది!"

ఒక ముసలి కౌజు కిసుక్కున నవ్వి, "గురివింద గింజలు రెండూ పక్కపక్కనే కూర్చున్నాయర్రా!" అంది. అప్పటికి గాని ఆ ఇద్దరికీ తామేమన్నారో తెలియలేదు.

గులకమ్మ పొట్లం విప్పింది. అందులో కుళ్ళిన తొండ తోక ఉంది. "దప్పికకు వచ్చి, జారిపడి చచ్చిన తొండ తోక ఇది!" అంది. కొంగ ఔనంది. "విషం లేదు, కాయా లేదు, కుట్రా లేదు! మీ ఇద్దరిలో ఒక్కడైనా తనవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నిన్ననే తేలిపోయేది. అడగలేదు. నా బిడ్డ రాయి మీద కారిపోయింది. కళ్ళు తెరవకముందే పోయిన ఆ బిడ్డ ఏ గట్టుదో చెప్పండి! కాకా? గోరింకా?"

కాటుకయ్య కాలిగోళ్ళు చూసుకుంటూ, "కబురులో ఏదో చిన్న పొరపాటు..." అని గొణిగాడు. పసిడిముక్కు అంతకన్నా చిన్నగా గొణిగాడు.

"వినపడలేదు!" అని గులకమ్మ అరిచింది. "అబద్ధానికి అంత గొంతు ఉన్నప్పుడు తప్పుకు ఎందుకు లేదు? ఇదే బండెక్కండి. అంతే గట్టిగా అరవండి!"

పావురాలు, చిలకలు, కౌజులు, అన్నీ "అరవండి!" అన్నాయి. ఇద్దరూ బండెక్కారు. గొంతు పోయేదాకా తమ తప్పు చాటారు. ఆ తరువాత ఆ ఇద్దరినీ వాకబు పనిలో ఎవరూ ఉంచలేదు. అందరూ కలిసి తొండ కళేబరాన్ని బయటికి లాగి పారేశారు.

ఆనాటి నుంచి ఆ వాగులో కబురు తెచ్చినవాడి ఆనవాలును ఆకులో చుట్టే ఉంచుతారు. మూడు ప్రశ్నలూ పూర్తయ్యాకే పొట్లం విప్పుతారు. కొన్నాళ్ళకు గులకరాళ్ళ మధ్య మూడు పిల్లలు కళ్ళు తెరిచాయి. నాలుగో గుడ్డు పగిలిన రాయి మీద మాత్రం గులకమ్మ మళ్ళీ ఎన్నడూ కాలు పెట్టలేదు.

నీతి ఏమిటంటే, తనవాణ్ణి అడగని ప్రశ్నను ఎదుటివాణ్ణి అడిగే హక్కు ఎవడికీ లేదు.