చెంచమ్మ పాట ఎవరిది?

కుమ్మరి బయ్యన్న భార్య చెంచమ్మ మన్ను తొక్కుతూ కట్టిన పాట, ఆమె పోయిన ఏడాదికి రాజుగారి చెవిన పడింది. అది ఎవరు కట్టారో తేల్చి, ఆ పేరుతో తాటాకుల మీదికి ఎక్కించమని ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజికి చెప్పాడు రాజు.

సోమయాజి నూరుమందిని విచారించి వచ్చాడు. "ప్రభూ, ఇంత చక్కని పాట కుమ్మరామె కట్టిందంటే ఒక్కరూ నమ్మలేదు. మా తాతగారిదే అయ్యుంటుంది."

పాట తన భార్యదని చెప్పుకోవడానికి సభకొచ్చిన బయ్యన్నకు ఒళ్లు మండింది. బతికుండగా ఆమెకు ఏ సుఖమూ ఇవ్వలేదు, కనీసం పేరైనా దక్కొద్దా?

"సామీ, ఆ నూరుమందినే పిలవండి. ఇంకా ఎవరూ వినని మీ పాటే ఒకటి పాడించి, చెంచమ్మదని చెప్పండి."

"వెర్రివాడా, నా పాట ఎక్కడ విన్నా మెచ్చుకుంటారు!" అన్నాడు సోమయాజి, ఉత్తరీయం సవరించుకుంటూ.

పాడించారు. నూరుమందీ మూతి విరిచారు. "మట్టి తొక్కేవాళ్లకి పాటలెందుకండీ?" అన్నాడొక పెద్దమనిషి.

"పాట ఆమెది కాదనడానికి మీకున్న సాక్ష్యం వీళ్లేగా? చాల్లెండి, చెంచమ్మ పేరే రాయండి," అన్నాడు రాజు సోమయాజితో. తర్వాత బయ్యన్న వైపు తిరిగి, "ఇలా అవుతుందని నీకెలా తెలుసోయ్?" అని అడిగాడు.

బయ్యన్న నవ్వలేదు.

"నేనూ అంతే కదా దొరా. అది ఇంట్లో పాడుతుంటే, నోరుమూసుకుని మన్ను తొక్కవే అనేవాణ్ణి. సంతలో ఒక భాగవతులాయన పాడితే మాత్రం పూటంతా నిలబడి విన్నాను. ఇంటికొచ్చి, పాటంటే అదీ అని దానికే చెప్పాను. 'అది నాదేనయ్యా' అంది. నేను నమ్మలేదు దొరా."