తెర వెనక పడవ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. గోదారికి ఇంకా గట్లు కట్టని రోజులు. ఆ గోదారి నడుమ వెండిలంక అని ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్లు, మధ్యలో అరటితోటలు, గేదెలు, తీరిక దొరికితే ఊరుకోని నోళ్లు.

ఆ లంకలో ఇంటికొక పడవ. రేవులో పడవకొక గుంజ. ఒక ఇంటికి ఒకే గుంజ, ఒక గుంజకి ఒకే పడవ. అది తాతల నాటి కట్టుబాటు.

ఏటా ఎండలు ముదరగానే పడవల్ని ఒడ్డుకి లాగి బోర్లించేవారు. పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరేవారు. గుగ్గిలం నూనెలో కాచి పైన పూసేవారు. తర్వాత గోదారికి ఎర్రనీరు వచ్చేది. వరద లంకని ముంచెత్తితే ఆ పడవలు తప్ప వేరే దిక్కు లేదు.

ఆవలి ఒడ్డున, మెరక మీద, పోలయ్య అనే పడవల మేస్త్రీ ఉండేవాడు. ఆయన చెయ్యి పడితే కర్ర చెప్పిన మాట వింటుందని పేరు. కొన్నేళ్లకొకసారి ఆయన కొత్త రకం పడవ కట్టేవాడు. కట్టినన్నాళ్లూ పాక చుట్టూ తెర ఉండేది. ఆషాఢ పున్నమి నాడు డప్పు కొట్టించి, అందరి ఎదటా ఆ తెర తీసేవాడు. అంతవరకూ లోపలికి ఈగ కూడా దూరడానికి లేదు. తెర తీశాక ఎవరు అడిగితే వాళ్లకి అలాంటిదే కట్టిచ్చేవాడు.

ఆ పోలయ్య కూతురే గంగరత్నం. వెండిలంకలో బుల్లియ్య పెళ్లాం. ఒళ్లో ఇంకా పాలు మానని ఆడపిల్ల.

ఆ ఏడు ఉగాది వెళ్లగానే పోలయ్య పాకకి తెర కట్టాడన్న కబురు లంకకి చేరింది. ఇక చూసుకోండి! అన్నం వండినా అదే మాట, గేదెని కడిగినా అదే మాట. కొత్త పడవ ఎలా ఉంటుంది? ఎంత పొడుగు? ఏం చేస్తుంది? తెలిసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ ఒక్కడూ లేడు.

వాళ్లందరిలోకీ పెద్ద నోరు గవర్రాజుది. ముసలితల్లి అచ్చియ్యమ్మతో రేవు పక్కనే కాపురం. ఊళ్లో ఏ కబురైనా ముందు ఆయన చెవిలో పడాలి. తర్వాత ఆయన నోట్లోంచి చిలవలు పలవలు వేసుకుని బయటికి రావాలి.

ఒక పొద్దున గవర్రాజు గంగరత్నం వాకిట్లో దిగబడ్డాడు.

"ఏమ్మా కోడలా, మీ నాన్న కొత్త పడవకి ఎన్ని తెడ్లుంటాయో కాస్త చెబుదూ."

"నాకేం తెలుసు మావయ్యా? నేను చూళ్లేదు."

ఉన్నమాటే చెప్పింది పిచ్చితల్లి. గవర్రాజు తల పంకించుకుంటూ రేవులోకి వెళ్లాడు. "కన్నకూతురికి కూడా చూపించలేదటర్రా! తెడ్లుంటే దాచడమెందుకు? తెడ్లే లేవన్నమాట. దానంతటదే నడుస్తుందన్నమాట!"

సాయంత్రానికల్లా లంకంతా తెడ్లు లేని పడవ గురించి మాట్లాడుకుంది. విరిగిన తెడ్లు బాగుచేసుకోవడం ఎవరూ తలపెట్టలేదు.

ఇదేదో తన మాట వల్లే పుట్టిందని గంగరత్నానికి మనసు చివుక్కుమంది. ఈసారి ఎవరైనా అడిగితే ఆశలు రేగకుండా చెప్పాలనుకుంది. నీళ్లరేవులో ఆడవాళ్లు అడగనే అడిగారు.

"మీ నాన్న ఏం కర్ర తెప్పించాడే రత్నం?"

"ఎప్పుడూ తెప్పించే మద్ది కర్రే వదినా. కొత్తదేం కాదు."

గవర్రాజు చెవికి ఆ మాటా చేరింది. "కర్ర పాతదేనంట! కర్ర పాతదై పడవ కొత్తదంటే మరి కొత్త ఎక్కడుంది? పైన పూసే మందులో ఉంది. ఆ మందు పూస్తే పడవకి జన్మలో చుక్క నీరు కారదు. ఇహ పీచులేమిటి, గుగ్గిలాలేమిటి!"

అంతే. ఆ ఏడు పీచు కూరేవాడు లేడు. గుగ్గిలం కాచేవాడు లేడు. కొత్త పడవకి గుంజ ఖాళీగా ఉండాలని, పాతవాటిని తాళ్లు విప్పి ఇసకలో పడేశారు. రోహిణి ఎండకి పలకలు ఎండి విచ్చుకున్నాయి. గంగరత్నం ఒక పడవ కింద నుంచి చూస్తే సందుల్లోంచి ఆకాశం కనబడింది.

"ఏవయ్యా, మన పడవకైనా పీచు కూరవూ?" అంది మొగుడితో.

"నవ్విపోతారే! మేస్త్రీ అల్లుడు పాత పడవకి అతుకులేసుకుంటున్నాడంటారు," అన్నాడు బుల్లియ్య.

ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చింది. వరద తిథి వార నక్షత్రాలు చూసుకుని రాదు. పున్నమికి ముందే ఎర్రనీరు తగిలితే? లంక మునిగితే అది తన పుట్టింటి పేరు చెప్పుకుని మునుగుతుంది. పిల్లకి పాలిస్తున్నా చెవి గోదారి మీదే. గాలి మారితే ఉలిక్కిపడేది. కాకి అరిస్తే ఉలిక్కిపడేది.

చివరికి ఆగలేక రేవులో నిలబడి కేకలేసింది. "అయ్యల్లారా, అమ్మల్లారా! మా నాన్న మనిషి, దేవుడు కాడు. ఆయన కట్టేది మామూలు పడవ. మీ పడవలకి గుగ్గిలం వేసుకోండి, మీకు దణ్ణం పెడతాను!"

గవర్రాజు ముసిముసిగా నవ్వాడు.

"చూశారా! మనందరినీ పాతవాటికి అతుక్కుని ఉండమంటోంది. ఎందుకు? మొదటి పడవలు తన వాళ్లకి దక్కాలని. మామూలు పడవైతే ఇంత కంగారెందుకమ్మా?"

జనం గొల్లున నవ్వారు. గంగరత్నం తలవంచుకుని ఇంటికొచ్చింది. చూడలేదంటే ఒక కథ, చూసినట్టు చెబితే ఒక కథ, బతిమాలితే ఇంకో కథ. ఏం చెప్పినా గోతి లోతవుతోందే తప్ప పూడటం లేదు.

మర్నాడు పిల్లని చంకనేసుకుని, ఎండలకి మోకాలి లోతుకి దిగిన పాయ దాటి, ఆవలి ఒడ్డుకి, పుట్టింటికి వెళ్లింది.

పోలయ్య పాక ముందు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కళ్లు లోతుకి పోయాయి. కూతుర్ని చూసి బావురుమన్నంత పని చేశాడు.

"తెడ్లు లేకుండా నడుస్తుందటగా తల్లీ నా పడవ? నీరే కారదటగా? సంతలో ఎవడో అడిగాడు, గాల్లో కూడా ఎగురుతుందా అని. నేనేం కట్టానో తెలుసా? రా, చూద్దువుగాని."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గడువుకి ముందే, ఆయన తెర ఒక పక్కకి తొలగించాడు. లోపల ఒక పడవ ఉంది. అడుగు కాస్త వెడల్పు, అంచు కాస్త ఎత్తు. లోపల చుట్టూ, చిన్నపిల్లలకి అందేంత ఎత్తులో, నున్నగా చెక్కిన పట్టుకర్ర.

"వరదలో పిల్లలు జారిపోకుండా పట్టుకుంటారని కట్టాను. ఇంతే. ఇదే కొత్త," అన్నాడు పోలయ్య. "పున్నమి నాడు దీన్ని చూసి నా మొహాన ఉమ్మేస్తారే."

గంగరత్నం ఆ పట్టుకర్ర మీద చెయ్యి వేసి చూసింది. చంకలోని పిల్ల కూడా చెయ్యి చాచి దాన్ని పట్టుకుంది. తండ్రి మీద ఆమెకి అంతులేని ప్రేమ పొంగింది.

"నాన్నా, ఇంతకంటే మంచి పడవ నేను చూళ్లేదు. ఇవాళే తెర తీసెయ్యి. అందరికీ చూపించు."

"తియ్యను. మా తాత నాటి ఆనవాయితీ," అన్నాడు పోలయ్య. కాస్త ఆగి, నేలచూపులు చూస్తూ, "నాకు భయంగా ఉందే," అన్నాడు.

గంగరత్నం ఇంకేం వాదించలేదు. పాకంతా కలయజూసింది. చటుక్కున ఏదో తట్టింది.

"అయితే నాకు బుట్టెడు పీచు, కుండెడు గుగ్గిలం ఇప్పించు. ఆ మూల చుట్టి ఉన్న తెరగుడ్డ కూడా ఇవ్వు."

లంకకి తిరిగొచ్చి ఆమె చేసిన మొదటి పని ఏమిటంటే, ఇసకలో బోర్లాపడ్డ తమ పడవ చుట్టూ నాలుగు కర్రలు పాతి ఆ తెర కట్టడం. పట్టపగలు, అందరూ చూస్తుండగా. బుల్లియ్యని కూడా లోపలికి లాక్కుపోయింది. ఇక అతనికి నవ్వేవాళ్ల బెంగ లేదు. కనబడితే కదా నవ్వడానికి! కాసేపటికి లోపలి నుంచి పొగ లేచింది. గుగ్గిలం వాసన ఊరంతా కమ్మేసింది.

గవర్రాజు పరుగెత్తుకొచ్చాడు. "లోపల ఏం చేస్తున్నావమ్మా?"

"పాత పడవకి పీచు కూరుతున్నా మావయ్యా."

"ఎందుకూ?"

"నీళ్లు రాకుండా."

"అంతేనా?"

"అంతే."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. గవర్రాజు నమ్మితేగా! గడ్డం గోక్కుంటూ రేవులోకి నడిచాడు. "పీచు కూరడానికి తెర ఎందుకర్రా? ఇందులో మర్మం ఉంది. మేస్త్రీ గారు పాత పడవ తీసుకుని కొత్త పడవ ఇస్తాడు. అదీ, చుక్క కారని పడవ తెచ్చినవాడికే! కూతురికి ముందే చెప్పేశాడు!"

మరునాడు తెల్లారేసరికి వెండిలంక రేవు చూడాలి! ప్రతి పడవ చుట్టూ ఒక తెర. కొందరు దుప్పట్లు కట్టారు, కొందరు చీరలు కట్టారు, ఒకాయన అత్తగారి బొంత కట్టాడు. లోపల పీచు కూరే చప్పుడు, గుగ్గిలం పొగ, దగ్గులు. బయటికొస్తే ఎవరికి వారే ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టారు. గవర్రాజు గుంజ దగ్గర కూడా ఒక పెద్ద దుప్పటి తెర లేచింది.

గంగరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నోరారా నిజం చెబితే వినని ఊరు, తెర వెనక అదే నిజాన్ని దొంగతనంగా చేస్తోంది. చేస్తే చాలు దేవుడా అనుకుంది. అయినా చెవి మాత్రం గోదారి మీంచి తియ్యలేదు.

పున్నమి ఇంకా రాలేదు. ఒక ఉదయం గేదెలు కట్టుతాళ్లు తెంపుకోబోయాయి. గోదారి ఎర్రగా, నురగలు కక్కుతూ, చెట్లని వేళ్లతో సహా మోసుకొస్తోంది. చూస్తుండగానే రేవు మునిగింది, తోటలు మునిగాయి, వాకిళ్లలోకి నీళ్లొచ్చాయి.

తెరలన్నీ ఒక్కసారి ఊడాయి. పిల్లల్ని, ముసలివాళ్లని, దూడల్ని పడవల్లోకి ఎక్కించారు. ఉన్న తెడ్లతోనూ వెదురుగడలతోనూ తోశారు. సుడుల్లో పడవలు గిర్రున తిరిగాయి. ఆడవాళ్లు గంగమ్మకి మొక్కారు. కానీ పలకల సందుల్లోంచి చుక్క నీరు లోపలికి రాలేదు. ఒకదాని వెనక ఒకటి ఆవలి ఒడ్డుకేసి సాగాయి.

గంగరత్నం వెనక్కి తిరిగి చూసింది. గవర్రాజు గుంజ దగ్గర దుప్పటి తెర ఇంకా అలాగే ఉంది, సగం నీళ్లలో.

"ఏవయ్యా, పడవ వెనక్కి తిప్పు!"

"పిల్ల ఉందే ఒళ్లో!" అన్నాడు బుల్లియ్య.

"అక్కడ ముసలమ్మ ఉంది. తిప్పు!"

తిప్పాడు. పడవ దుప్పటిని రాసుకుంటూ పోతే అది చిరిగి కొట్టుకుపోయింది. దాని వెనక పడవ లేదు. విడగొట్టిన పలకలు నాలుగు తేలుతున్నాయి. కొత్త పడవ అందరికంటే ముందు తన గుంజకే రావాలని, గవర్రాజు ఎవరికీ చెప్పకుండా ఎప్పుడో పాత పడవని పొయ్యికి పెట్టేశాడు. నామోషీ తప్పించుకోవడానికి ఖాళీ చోటు చుట్టూ తెర కట్టాడు.

ఆయన ఇంటి అరుగు మీద, రొమ్ముల లోతు నీళ్లలో, తల్లిని భుజాల మీద ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

గంగరత్నం చెయ్యందించింది. ముందు అచ్చియ్యమ్మని, తర్వాత ఆయన్ని లోపలికి లాగింది.

ఆవలి ఒడ్డున ఎత్తుగా ఉన్నది పోలయ్య పాక ఒక్కటే. లంక లంకంతా తడిసి ముద్దై దాని ముందు నిలబడింది. పైన వాన. చంటిపిల్లలు చలికి నీలంగా మారుతున్నారు.

పోలయ్య వాళ్లని చూశాడు. పున్నమి గురించి ఆలోచించలేదు, డప్పు గురించి ఆలోచించలేదు. రెండు చేతులా తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆ గుడ్డనే చింపి పసివాళ్లకి చుట్టాడు. అమ్మలు తమ బిడ్డల్ని తెచ్చి, పొడిగా ఉన్న చోటు అదొక్కటే కనుక, కొత్త పడవలో వరసగా పడుకోబెట్టారు. నెలల తరబడి లంకకి కూడు సయించకుండా చేసిన పడవ అందరి ఎదటా నిలబడి ఉంటే, దాన్ని తలెత్తి చూసినవాడు లేడు. అందరూ పిల్లల్ని చూసుకుంటున్నారు. పోలయ్య ఆ ఏడు మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పిల్లలు వెచ్చబడ్డాక, గవర్రాజు మెల్లగా పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు. పట్టుకర్ర తడిమి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

కొడుకు చొక్కా కొస పిండుతున్న అచ్చియ్యమ్మ తలెత్తింది. "ఓరి నా తండ్రీ, దీనికోసమా నన్నూ నిన్నూ మోసే పడవని పొయ్యిలో పెట్టావు?"

గవర్రాజు నోరు అప్పుడు మూతపడింది. ఎర్రనీరు తీశాక ఆయన చేసిన మొదటి పని, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఆ నాలుగు పలకలూ ఏరుకుని, పడవ కట్టిపెట్టమంటూ పోలయ్య పాకకి రావడం.

కాబట్టి పిల్లలూ, రేపు రాబోయే వస్తువు ఎంత గొప్పదో ఊహించుకుంటూ ఇవాళ చేతిలో ఉన్నదాన్ని పాడుచేసుకోకండి. వరద వచ్చిన నాడు ఒడ్డుకి చేర్చేది మన గుంజకి కట్టి ఉన్న పడవే.